ఎవరికి రక్తం ఎక్కించాలి, ఎవరికి అక్కర్లేదు

కర్నూలులో రక్తదాతలు, నర్సింగ్ విద్యార్థులు, హౌస్ సర్జన్లు కలిసిన సభలో ఒక బ్లడ్ బ్యాంకు వైద్యురాలు చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో కూర్చున్న రక్తదాతలకు ప్రత్యేకంగా నమస్కారం. మన ఊళ్లో ఏప్రిల్, మే వస్తే కాలేజీలకు సెలవులు, పగలు బయట అడుగుపెట్టలేని ఎండ. క్యాంపు పెట్టడానికి దారే ఉండదు. అలాంటప్పుడు కూడా ఒక్క ఫోన్‌కు బండేసుకొచ్చి, రక్తమిచ్చి, ఎవరికని కూడా అడక్కుండా వెళ్లిపోయేవాళ్లు మీరు. రక్తం ఇవ్వమని మీకు నేను చెప్పక్కర్లేదు. మీరిచ్చాక ఏం జరుగుతుందో చెబుదామని వచ్చాను. మీరిచ్చిన ఆ 350 మిల్లీలీటర్లు ఎక్కడికి పోతున్నాయి? నిజంగా అవసరమున్న మనిషికే ఎక్కుతున్నాయా? ఈ ప్రశ్న అడిగే హక్కు అందరికంటే ముందు మీకే ఉంది. జవాబు చెప్పాల్సిన బాధ్యత మా డాక్టర్లది.

మన దేశంలో డబ్బు తీసుకుని రక్తమివ్వడం 1998 జనవరి 1 నుంచి నిషేధం. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల అది జరిగింది. అంటే ఇవాళ బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో ఉండే ప్యాకెట్లన్నీ ఎవరో ఊరికే ఇచ్చినవే అయ్యుండాలి. ఆసుపత్రి తీసుకునేది పరీక్షల ఖర్చు, ప్రాసెసింగ్ ఖర్చు. రక్తానికి ధర కట్టకూడదు. ధర కట్టని వస్తువు వాడకంలో లెక్క ఇంకా గట్టిగా ఉండాలని నా నమ్మకం.

పేషెంట్ తరఫున వచ్చేవాళ్లు నాతో ఎక్కువగా అనే మాట ఒకటుంది. "మేడం, మా అమ్మ లేవలేకుండా ఉంది, రొంత రక్తం ఎక్కిచ్చమని చెప్పండి." మన పల్లెల్లో రక్తమంటే బలం. గ్లూకోజ్ బాటిల్ పెడితే ఓపిక వస్తుందని ఎలా అనుకుంటారో, రక్తం ఎక్కిస్తే అంతకు పది రెట్లు ఓపిక వస్తుందనుకుంటారు. వాళ్లను నేను తప్పుపట్టను. కానీ మన వార్డుల్లో కూడా, చదువుకున్నవాళ్ల మధ్య కూడా, ఇదే ఆలోచన వేరే వేషంలో తిరుగుతోంది. "హెచ్‌బీ 8 ఉంది, రెండు యూనిట్లు ఎక్కించండి" అని కేస్ షీట్‌లో రాసేస్తాం. హెచ్‌బీ అంటే హిమోగ్లోబిన్, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే పదార్థం, దాన్ని డెసీలీటరుకు ఇన్ని గ్రాములని కొలుస్తాం. యూనిట్ అంటే ఒక ప్యాకెట్. ఎందుకు ఎక్కించాలి, రెండే ఎందుకు అన్నది రాయం. రక్తం ఇంకొకరి శరీరంలోని ప్రాణమున్న కణజాలం. కిడ్నీ మార్చేటప్పుడు ఎంత ఆలోచిస్తామో, అందులో నాలుగోవంతన్నా ఇక్కడ ఆలోచించాలి.

హెచ్‌బీ 10కి తగ్గితే రక్తం ఎక్కించాలని చాలాకాలం అనుకున్నాం. ఈ 10 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో హౌస్ సర్జన్లు తెలుసుకోవాలి. 1942లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన ఆడమ్స్, లండీ అనే ఇద్దరు డాక్టర్లు, ఆపరేషన్‌కు ముందు హిమోగ్లోబిన్ 10కి తగ్గకుండా ఉంటే మంచిదని రాశారు. అది వాళ్ల అనుభవంతో చెప్పిన మాట. రోగులను రెండు గుంపులుగా విడదీసి పోల్చి చూసిన పరీక్ష కాదు. ఆ మాటే దాదాపు 50 ఏళ్లు ప్రపంచమంతా శాసనంలా నడిచింది. చివరికి 1999లో కెనడాలో పరీక్షించి చూశారు. 25 ఐసీయూల్లో 838 మందిని తీసుకున్నారు. సగం మందికి హెచ్‌బీ 7 కంటే తగ్గితేనే రక్తం, మిగతా సగం మందికి 10 కంటే తగ్గగానే రక్తం. 30 రోజులకు చూస్తే, 7 దాకా ఆగిన గుంపులో 18.7 శాతం మంది చనిపోయారు, 10 దగ్గరే ఎక్కించిన గుంపులో 23.3 శాతం మంది. లెక్కల ప్రకారం ఈ తేడాను ఖాయంగా తేడా అనలేం. కానీ ఎక్కువ రక్తం ఎక్కించినందువల్ల ప్రయోజనం మాత్రం కనపడలేదు. ఆగినవాళ్లలో మూడోవంతు మందికి అసలు ఒక్క ప్యాకెట్ కూడా అవసరం పడలేదు.

ఆ తర్వాత ఇలాంటి పరీక్షలు చాలా వచ్చాయి. వాటిలో ఒకటి మన వార్డులకు బాగా దగ్గర. 2013లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో, రక్తపు వాంతులతో, నల్లటి విరేచనాలతో వచ్చిన 921 మందిని చూశారు. మద్యం వల్ల లివర్ పాడై రక్తం కక్కుకుంటూ వచ్చేవాళ్లు మన క్యాజువాలిటీలో ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. అక్కడ 7 దాకా ఆగినవాళ్లలో ఆరు వారాలకు 95 శాతం మంది బతికున్నారు, 9 దగ్గరే ఎక్కించినవాళ్లలో 91 శాతం. ఎక్కువ రక్తమిచ్చినవాళ్లలో మళ్లీ రక్తస్రావం కావడం కూడా ఎక్కువే. లివర్ దగ్గరి రక్తనాళాల్లో అప్పటికే పీడనం పెరిగి ఉంటుంది. పైనుంచి మనం నింపేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. అయితే ఒళ్లు చల్లబడిపోయేంతగా, ధార కట్టి రక్తం పోతున్నవాళ్లను ఆ పరీక్షలోకి తీసుకోలేదు. వాళ్ల లెక్క వేరు, దానికి తర్వాత వస్తాను.

ఇప్పుడు ఎక్కువ దేశాల్లో పాటించే పద్ధతి ఇది. బీపీ, పల్స్ నిలకడగా ఉండి ఆసుపత్రిలో పడుకున్న పెద్దవాళ్లకు హెచ్‌బీ 7కి తగ్గినప్పుడు ఆలోచించాలి. ముందే గుండె జబ్బున్నవాళ్లకు, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్లకు 8 దగ్గర. గుండె ఆపరేషన్ వాళ్లకు 7.5 దగ్గర. ఒక్క చోట మాత్రం చేయి బిగబట్టకండని చెబుతాను. అప్పుడే హార్ట్ అటాక్ వచ్చిన మనిషికి హెచ్‌బీ తక్కువుంటే 7 దాకా ఆగొద్దు. 2023లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో, 10 దగ్గర ఉంచినవాళ్లలో నెల రోజుల్లో మరణం గానీ మళ్లీ అటాక్ గానీ 14.5 శాతం, తక్కువలో ఆగినవాళ్లలో 16.9 శాతం. ఇది కూడా ఖాయమైన తేడా అని లెక్క తేలలేదు, కానీ మొగ్గు ఎటుందో తెలుస్తూనే ఉంది. ఆగాలని చెప్పిన పరీక్షను ఒప్పుకున్నప్పుడు, ఆగొద్దని సూచించే పరీక్షను కూడా ఒప్పుకోవాలి.

అంకెల సంగతి ఇక చాలు. మనిషి దగ్గరికి వద్దాం.

కోసిగి, ఆలూరు, మంత్రాలయం వైపు నుంచి ఏటా మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి పోతారు. మొగుడూ పెళ్లాం, పిల్లలు, కొన్నిసార్లు కడుపుతో ఉన్న ఆడపిల్లలు కూడా. అలా పోయి తిరిగొచ్చిన ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఇరవై రెండేళ్లు, రెండో కాన్పు, ఆరో నెల. బరువు 42 కిలోలు. సుగ్గిలో ఉన్నన్నాళ్లు ఐరన్ మాత్రలు లేవు, చెకప్ లేదు, చేల్లో ఉత్త కాళ్లతో నడక. హెచ్‌బీ 6.4. కళ్లు పాలిపోయి ఉన్నాయి, మెట్లెక్కితే ఆయాసం, కానీ కూర్చుని మనతో మామూలుగా మాట్లాడుతోంది. బీపీ బాగుంది. రక్తం ఎక్కడా పోవడం లేదు. ఈ అమ్మాయికి రక్తం ఎక్కించాలా?

చాలాచోట్ల ఎక్కించేస్తారు. కానీ ఆ అమ్మాయి శరీరం నెలల తరబడి ఈ లోటుకు అలవాటు పడింది. బస్సులు తగ్గిపోతే ఉన్న బస్సులే ఎక్కువ ట్రిప్పులు తిరిగినట్టు, ఆమె గుండె వేగం పెంచుకుంది. ఎర్ర కణాలు కూడా మోసుకొచ్చిన ఆక్సిజన్‌ను కండరాల దగ్గర ఇంకాస్త సులభంగా వదిలేలా మారాయి. ఆమెకు కావాల్సింది ఇనుము. ఒక రక్తం ప్యాకెట్‌లో ఉండే ఇనుము 200 నుంచి 250 మిల్లీగ్రాములు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఇంజక్షన్‌ను సెలైన్‌లో కలిపి పావుగంటలో ఎక్కించవచ్చు. బరువును బట్టి ఒక్క విడతలోనే 1,000 మిల్లీగ్రాముల దాకా ఇవ్వొచ్చు. అది దొరక్కపోతే ఐరన్ సుక్రోజ్, కొన్ని విడతల్లో. దానితోపాటు నులిపురుగుల మాత్ర, ఫోలిక్ యాసిడ్, అవసరమైతే బీ12. మూడు నాలుగు వారాల్లో ఆమె రక్తం ఆమే తయారు చేసుకుంటుంది. ప్యాకెట్ ఎక్కిస్తే హెచ్‌బీ ఒక గ్రాము పెరుగుతుంది, ఇనుము లోటు చాలావరకు అలాగే ఉంటుంది, రెండు నెలలకు మళ్లీ మన దగ్గరికే వస్తుంది. పైగా పరాయి రక్తానికి ఆమె ఒంట్లో యాంటీబాడీలు తయారైతే, అవి తర్వాతి కాన్పులో బిడ్డ రక్తకణాలను దెబ్బతీయవచ్చు.

2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాలూ ఇదే చెబుతున్నాయి. గర్భిణికి 5 నుంచి 7 లోపు ఉంటే సిరలోకి ఐరన్. మూడో త్రైమాసికమైతే ఆసుపత్రిలో చేర్చి చూడాలి. 5 కంటే తగ్గితే ఎన్నో నెలైనా వెంటనే చేర్చుకుని ప్యాక్డ్ సెల్స్, అంటే రక్తం నుంచి వేరుచేసిన ఎర్ర కణాలు ఎక్కించాలి.

ఇప్పుడు అదే అమ్మాయి అదే 6.4తో తొమ్మిదో నెలలో, నొప్పులు మొదలై వచ్చిందనుకోండి. నా జవాబు పూర్తిగా మారిపోతుంది. ఐరన్ పనిచేయడానికి వారాలు కావాలి, మన చేతిలో గంటలున్నాయి. కాన్పులో అందరికీ పోయేంత రక్తం పోయినా ఆమె తట్టుకోలేదు. వెంటనే గ్రూపు చూసి, క్రాస్ మ్యాచ్ చేసి, అంటే దాత రక్తం ఆమె రక్తానికి సరిపడుతుందో పరీక్షించి, రక్తం సిద్ధం చేయాల్సిందే. అంకె అదే, మనిషీ అదే, మన పని వేరు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. వీళ్లందరికీ ప్యాకెట్లు ఎక్కించుకుంటూ పోలేం, పోకూడదు కూడా. ఆరో నెలలో ఇచ్చిన ఐరన్ తొమ్మిదో నెలలో ఒక ప్యాకెట్‌ను మిగిలిస్తుంది. ఇక్కడ ఆశా అక్కలు, ఏఎన్ఎంలు ఎవరైనా ఉంటే చెబుతున్నాను, రక్తనిధిని కాపాడే పనిలో మాకంటే మీ చెయ్యే పెద్దది.

పెద్ద వయసు వాళ్ల విషయంలోనూ ఇదే లెక్క. ఆదోని వైపు నుంచి 65 ఏళ్ల పెద్దాయన, హెచ్‌బీ 4.5, నాలుక నున్నగా ఎర్రగా ఉంది, కాళ్లు తిమ్మిర్లు. బీ12 లోపం కావచ్చు. ఇంజక్షన్లు మొదలుపెడితే మూడు నాలుగు రోజులకే ఎముక మూలుగలో కదలిక మొదలవుతుంది, వారానికి కొత్త కణాలు రక్తంలో బాగా కనిపిస్తాయి. ఆయాసం, ఛాతీ నొప్పి లేకపోతే ఆ వారం ఆగొచ్చు. ఒకవేళ ఎక్కించక తప్పకపోతే, ముందు పరీక్షలకు శాంపిల్ తీసి పెట్టండి. ఎక్కించాక తీస్తే మీరు చూసేది ఆయన రక్తం, దాత రక్తం కలిసిన మిశ్రమం. ఆయనకసలు జబ్బేమిటో తేలడం కష్టమవుతుంది.

ఆయనకు ఎక్కించేటప్పుడు ఒకే యూనిట్, మెల్లగా, మూడు నాలుగు గంటల్లో. రెండు యూనిట్లు గబగబా ఎక్కిస్తే ఆ నీరసించిన గుండె అంత ద్రవాన్ని తోయలేదు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, అర్ధరాత్రి కూర్చుని రొప్పుతుంటాడు. రక్తమార్పిడి వల్ల జరిగే మరణాలకు ప్రపంచమంతా ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఒక యూనిట్ ఎక్కించాక మనిషిని చూడండి, హెచ్‌బీ చూడండి, అప్పుడు రెండోది కావాలో వద్దో తేల్చండి. ఒక యూనిట్‌కు ఒక గ్రాము అనే లెక్క మామూలు బరువున్న మనిషిది. మన దగ్గర 38, 40 కిలోల ఆడవాళ్లు ఎంతోమంది. వాళ్లకు అదే ప్యాకెట్ ఇంకా ఎక్కువ పనిచేస్తుంది, ఇంకా ఎక్కువ భారమూ అవుతుంది.

ఇంతసేపూ ఆగమన్నాను కదా, ఇప్పుడు ఆగకూడని చోటు చెబుతాను. హైదరాబాద్-బెంగళూరు హైవే మీద యాక్సిడెంట్. తొడ ఎముక విరిగింది, పొట్టలో రక్తం నిండుతోంది, పల్స్ 140, చేతులు చల్లగా ఉన్నాయి. ల్యాబ్ నుంచి హెచ్‌బీ 11 అని వచ్చింది. "11 ఉంది కదా" అని ఎవరన్నా అంటే అతను మన కళ్లముందే పోతాడు. రక్తం పోయేటప్పుడు కణాలూ, ప్లాస్మా అనే రక్తంలోని ద్రవభాగమూ కలిసే పోతాయి కాబట్టి మొదట్లో ఆ అంకె పడిపోదు. ఒంట్లోని నీరు, మనం పెట్టిన సెలైన్ కలిసి పలచబడ్డాకే పడుతుంది. కాన్పయిన వెంటనే ధారగా రక్తం పోతున్న బాలింత విషయమూ అంతే. అక్కడ పల్స్, బీపీ, తడిసిన గుడ్డలు చూడాలి. క్రాస్ మ్యాచ్ పూర్తయ్యేదాకా ఆగలేకపోతే 'ఓ' అనే బ్లడ్ గ్రూపు ప్యాక్డ్ సెల్స్‌తో మొదలుపెట్టాలి. ఒట్టి సెలైన్ లీటర్లకు లీటర్లు పోయకూడదు, ఎర్ర కణాలతోపాటు ప్లాస్మా, రక్తం గడ్డకట్టడానికి సాయపడే ప్లేట్‌లెట్లు కూడా సరైన పాళ్లలో పోవాలి. రక్తస్రావాన్ని తగ్గించే ఇంకో మందు మర్చిపోకండి, ట్రానెగ్జామిక్ యాసిడ్. 2010లో 20 వేల మందికి పైగా గాయపడ్డవాళ్ల మీద, 2017లో 20 వేల మందికి పైగా బాలింతల మీద పరీక్షించిన మందు. మూడు గంటల్లోపే ఇవ్వాలి, ఎంత ముందైతే అంత మేలు. చాలా చవక. మొదటి ప్యాకెట్ తెచ్చేలోపే ఇది లోపలికి పోయి ఉండాలి.

ఇక ప్లేట్‌లెట్లు. వానలు పడి డెంగీ మొదలైతే మా ఫోన్ ఆగదు. "మేడం, 28 వేలకు పడిపోయాయి, అర్జెంట్‌గా కావాలి." ఆ టెన్షన్ నాకర్థమవుతుంది, బిడ్డకు జ్వరమొస్తే ఏ తల్లి ఊరుకుంటుంది? కానీ డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా ప్లాస్మా రక్తనాళాల్లోంచి లీకైపోయి బీపీ పడిపోవడం. సమయానికి, సరైన కొలతలో ఫ్లూయిడ్ పెట్టడం అసలు వైద్యం. రక్తస్రావం లేకపోతే 10 వేలకు తగ్గేదాకా ప్లేట్‌లెట్లు ఎక్కించే పనే సాధారణంగా ఉండదు. 2017లో సింగపూర్, మలేషియాల్లో 20 వేలు, అంతకంటే తక్కువ ఉన్న డెంగీ రోగుల మీద పరీక్షించి చూశారు. ముందుజాగ్రత్తగా ఎక్కించినందువల్ల రక్తస్రావం తగ్గలేదు, దద్దుర్లు, ఇతర రియాక్షన్లు మాత్రం పెరిగాయి. జ్వరం తగ్గాక రెండు మూడు రోజులకు అవి వాటంతటవే పెరుగుతాయి. ప్లేట్‌లెట్ ప్యాకెట్ ఆయుష్షు 5 రోజులే. కీమోథెరపీ తీసుకుంటున్న బ్లడ్ క్యాన్సర్ బిడ్డకు నిజంగా అవసరమైన రోజున అది లేకుండా చేసుకోవద్దు.

ప్లాస్మా గురించి చెప్పాలంటే మన రైతుల దగ్గరికి పోవాలి. శనక్కాయ చేలో, రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన మనిషిని రక్తపింజరి కరిచింది. కాలు వాచింది, చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. శుభ్రమైన, పొడి గాజు టెస్ట్ ట్యూబ్‌లో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి కదపకుండా 20 నిమిషాలు పెట్టండి. తర్వాత ఒక్కసారి వంచి చూడండి. గడ్డకట్టకుండా నీళ్లలా జారిందా, విషం రక్తంలో పనిచేస్తోందని అర్థం. ప్లాస్టిక్ ట్యూబ్ వాడితే ఈ పరీక్ష తప్పుతుంది, గాజుదే కావాలి. ఇలా తేలగానే కొందరు ముందు "ఎఫ్‌ఎఫ్‌పీ నాలుగు యూనిట్లు" అని, అంటే ఫ్రీజ్ చేసి నిల్వ ఉంచిన ప్లాస్మా కావాలని రాస్తారు. ఆ పాము విషం రక్తం గడ్డకట్టే పదార్థాలను ఒకదాని తర్వాత ఒకటి వాడుకుంటూ అయిపోగొడుతుంది. విషాన్ని ఆపకుండా మీరు ప్లాస్మా పోస్తే, అందులోని పదార్థాలను కూడా అది అలాగే వాడేస్తుంది. ముందు పడాల్సింది విష విరుగుడు. మొదటి విడతగా 8 నుంచి 10 వయల్స్, ఆరు గంటల తర్వాత మళ్లీ అదే గాజు ట్యూబ్ పరీక్ష, అవసరమైతే ఇంకో విడత. విరుగుడు ఇచ్చాక కూడా ప్రమాదకరంగా రక్తం పోతుంటే అప్పుడు ప్లాస్మా గురించి ఆలోచిద్దాం. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గిందనో, ఒళ్లు పుంజుకుంటుందనో, లివర్ రోగికి రక్తం గడ్డకట్టే సమయాన్ని చూపే ఐఎన్‌ఆర్ 1.6 వచ్చిందనో ప్లాస్మా పెట్టడం మానేద్దాం. వాటికి అది మందు కాదు.

నర్సింగ్ విద్యార్థులూ, ఇప్పుడు చెప్పేది మీకోసం. రక్తం విషయంలో అన్నిటికంటే ఘోరమైన తప్పు బ్లడ్ బ్యాంకులో కంటే మంచం దగ్గర ఎక్కువగా జరుగుతుంది. ఒకరికి రావాల్సిన ప్యాకెట్ ఇంకొకరికి పెట్టడం. మన వార్డుల్లో ఒకేసారి ఇద్దరు మద్దిలేటిలు, ముగ్గురు లక్ష్మీదేవిలు ఉండడం మామూలే. "నువ్వు మద్దిలేటివేనా?" అని అడక్కండి. చెవుడున్నాయన, జ్వరం మత్తులో ఉన్నాయన, డాక్టరమ్మ అడిగిందని భయపడినాయన, అందరూ తలూపుతారు. "నీ పేరేంది పెద్దాయనా? మీ నాయన పేరేంది? ఏ ఊరు?" అని అడిగి ఆయన నోటితోనే చెప్పించండి. ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చిన ఐపీ నంబర్, ప్యాకెట్ మీది యూనిట్ నంబర్, గ్రూపు, ఎక్స్‌పైరీ తేదీ ఇద్దరు కలిసి పైకి చదివి చూడండి. క్రాస్ మ్యాచ్‌కు శాంపిల్ తీసినప్పుడు పేరు అక్కడే, ఆ మంచం పక్కనే రాయండి. నాలుగు ట్యూబులు జేబులో వేసుకుని డ్యూటీ రూమ్‌కెళ్లి రాసే అలవాటు మనుషుల్ని చంపుతుంది.

ప్యాకెట్ బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చాక అరగంటలో మొదలుపెట్టాలి, నాలుగు గంటల్లో ముగించాలి. వార్డు ఫ్రిజ్‌లో పెట్టొద్దు. చల్లగా ఉందని వేడినీళ్ల బకెట్‌లో ముంచొద్దు, కణాలు పగిలిపోతాయి. అదే లైన్‌లో నార్మల్ సెలైన్ తప్ప గ్లూకోజ్ గానీ మందులు గానీ కలపొద్దు. మొదటి 15 నిమిషాలు చుక్కలు నెమ్మదిగా, మీరు అక్కడే. చలి, వణుకు, నడుం నొప్పి, సూది దగ్గర మంట, "నాకేందో అయితాంది" అని ఆయన కంగారు పడడం, వీటిలో ఏది కనిపించినా ముందు ఆపేయండి. సూది తీయొద్దు, కొత్త సెట్‌తో సెలైన్ పెట్టి డాక్టర్‌ను పిలవండి. ఆ ప్యాకెట్ పారేయకుండా, కొత్త రక్తం శాంపిల్‌తో, మూత్రం శాంపిల్‌తో మాకు పంపండి. మేం మిమ్మల్ని తిట్టం. 2012 డిసెంబర్ నుంచి ఇలాంటి రియాక్షన్లను నమోదు చేసే జాతీయ హీమోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. మీరు చెబితేనే అది పనిచేస్తుంది.

దాతలు, బంధువులు తరచూ అడిగే రెండు విషయాలు త్వరగా చెప్పేస్తాను. "ఫ్రెష్ బ్లడ్ కావాలి, ఇప్పుడే తీసి ఎక్కించండి" అంటారు. 2015, 2016ల్లో వేలమంది మీద చేసిన పరీక్షల్లో, కొత్తగా తీసిన రక్తానికీ ఫ్రిజ్‌లో గడువు లోపల ఉన్న రక్తానికీ ఫలితంలో తేడా కనిపించలేదు. పైగా హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు పూర్తికాని రక్తం ఎక్కించకూడదు. ఇక రెండోది, "మా అన్న రక్తమే మాకెక్కించండి, బయటివాళ్లది వద్దు." నిజానికి రక్తసంబంధీకుల రక్తంతో ఒక అరుదైన, దాదాపు ప్రతిసారీ ప్రాణం తీసే సమస్య వస్తుంది. దాత తెల్ల కణాలను రోగి శరీరం పరాయివని గుర్తించక వదిలేస్తే, అవి రోగి మీదే దాడి చేస్తాయి. రేడియేషన్ ఇచ్చిన ప్యాకెట్ అయితేనే ఆ భయం ఉండదు. పిల్లల్ని కనాల్సిన వయసున్న భార్యకు భర్త రక్తమూ మంచిది కాదు. అన్నగారు రక్తం తప్పకుండా ఇవ్వాలి, అది ఇంకొకరికి పోతుంది, ఆయన చెల్లెలికి ముక్కూముఖం తెలియని మనిషి రక్తం వస్తుంది. అదే క్షేమం.

ఇంత పొదుపు ఎవరి కోసం? తలసీమియా పిల్లల కోసం, అంటే పుట్టుకతోనే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని పిల్లల కోసం. వాళ్లకు రక్తం రెండు నుంచి నాలుగు వారాలకోసారి, జీవితాంతం. ఎక్కించే ముందు హెచ్‌బీ 9.5కి తగ్గకుండా చూసుకోవాలి. ఈ పిల్లలను 7 దాకా ఆగమనడం అన్యాయం, ముఖం ఎముకలు మారిపోతాయి, ఎదుగుదల ఆగిపోతుంది. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, లివర్‌లో పేరుకోకుండా మందులూ వాడాలి. మే నెలలో ఓ తండ్రి గద్వాల నుంచో రాయచూరు నుంచో బిడ్డను చంకనేసుకొచ్చి కౌంటర్ దగ్గర నిలబడితే, "గ్రూపు లేదు, మూడు రోజులు ఆగి రండి" అని చెప్పాల్సి రావడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. ఆ వారంలో అవసరం లేకుండా ఎక్కించిన ప్యాకెట్లు ఎన్నో నాకు తెలుసు కాబట్టి ఇంకా కష్టంగా ఉంటుంది.

కాబట్టి పేషెంట్ తరఫున ఉన్నప్పుడు అడగండి. "డాక్టర్ గారూ, మా అమ్మకు రక్తం ఎందుకు? వేరే దారి ఏమన్నా ఉందా? ఒకటి సరిపోతుందా?" మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ కోప్పడడు. రక్తం ఎక్కించే ముందు మీకు విషయం చెప్పి, మీ సంతకం తీసుకోవాలి. దేనికి సంతకం పెడుతున్నారో తెలుసుకోవడం మీ హక్కు. హౌస్ సర్జన్లూ, రిక్వెస్ట్ ఫారంలో కారణం అనే గడి ఉంటుంది, అందులో "అనీమియా" అని ఒక్క మాట రాసి పంపకండి. "హెచ్‌బీ 6.2, కదలకుండా ఉన్నా ఆయాసం, ఒక యూనిట్" అని రాయండి. అంత రాస్తే నేను ఫోన్ చేసి మీ సమయం తినను.

చివరిగా డిశ్చార్జ్ చీటీ గురించి. రెండు ప్యాకెట్లు ఎక్కించి, హెచ్‌బీ 8 అయిందని ఇంటికి పంపేస్తాం. ఆ చీటీలో ఐరన్ మాత్ర ఉండదు, ఎందుకు తగ్గిందో ఉండదు. గర్భసంచి నుంచి నెలనెలా అధికంగా పోతోందా, మొలల నుంచి పోతోందా, పేగుల్లో పుండా అన్నది ఎవరూ చూసి ఉండరు. హెచ్‌బీ మామూలు స్థాయికి వచ్చాక కూడా ఇంకో మూడు నెలలు మాత్రలు వాడాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిన్నదాంట్లోని ఇనుము సరిగా ఒంటికి పట్టదు, గంటన్నా ఆగమని చెప్పాలి. మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ వేయాలి. వార్డులో ఉన్నవాళ్లు ఈరోజు వెళ్లగానే మీ మంచాల దగ్గరున్న డిశ్చార్జ్ చీటీలు ఒకసారి తిరగేసి చూడండి. ఇక ప్రశ్నలు అడగండి, మైక్ వెనక వరుసల నుంచి మొదలుపెడదాం.